సగపాలు నమ్మిక, నిండు సమర్పణ: ఒంగోలు క్రైస్తవోద్యమ గ్రంథములపై ఒక విమర్శ

మా ఆరంబాక్కము చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు రాజమార్గమున తమిళనాటి సరిహద్దు గ్రామము. ఇచ్చట రైలెక్కి ఉత్తరముగా పోవువానికి తగులు మొదటి స్టేషను తడ, అది ఆంధ్రప్రదేశము. 1960వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన రెండు రాష్ట్రముల ఎల్లలు సరిదిద్దబడినపుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకును చేరినవి. మేము ఉన్నచోటనే ఉంటిమి. కనుక ఇచ్చటి తెలుగువారికి బడిభాష యొకటి, ఇంటిభాష యొకటి. క్రైస్తవులైన తెలుగువారు ప్రార్థన చేయునదియు ఇంటిభాషలోనే. నే నెరిగిన యొక వృద్ధురాలికి అక్షరములు రావు. కాని పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఇరువదికి తక్కువ కాకుండ ఆమెకు కంఠస్థములు. ఆమె మనుమరాలు అవే కీర్తనలను తమిళలిపిలో నోటుపుస్తకమున వ్రాసికొని, తెలుగున పాడును.

ఇట్టి కుటుంబములను గూర్చి మన చదువుకొన్నవారిలో ఒక మాట వాడుకగా వినవచ్చుచుండును. ‘వారిది సగపాలు నమ్మిక. కరవులో గంజికై పోయినవారి సంతతి. అవసరమున్నంత మేరకే క్రైస్తవులు’ అని. విచిత్ర మేమనగా, సంఘములోని బోధకులును వేరొక దిక్కునుండి ఇదే మాట యందురు. ఆదివారము గుడికిని, మంగళవారము గ్రామదేవత జాతరకును పోవువారని వారి ఆక్షేపణము. ఒకరినొకరు మెచ్చుకొనని ఇరుపక్షములును ఏకీభవించిన విషయమిది యొక్కటే కాబోలు! ఇరుపక్షములు ఒప్పుకొన్నంత మాత్రమున మాట నిజము కానేరదు గనుక, దీనిని మూలము నుండి పరీక్షింప దలచితిని. మూల మనగా ఒంగోలు. దక్షిణాంధ్రమున పేదజనులు వేలకొలది క్రైస్తవమును గైకొనిన ఉద్యమమునకు అది కేంద్రము. ఆ చరిత్రకు ముఖ్యాధారములుగా నిలిచిన గ్రంథములు రెండు కలవు. వానిని పరామర్శించుటకు ముందు, ‘సగపాలు నమ్మిక’ యన నేమో కొంత తేల్చుకొనవలసి యున్నది.

గ్రంథమున కొంత గైకొని కొంత విడుచుట సగపాలు నమ్మిక యని సామాన్యముగా తలచెదరు. ప్రపంచ చరిత్రలో దీనికి ప్రసిద్ధములైన దృష్టాంతములు రెండు, చిత్రముగా ఒకే సంవత్సరమునకు చెందినవి. 1820 ప్రాంతమున అమెరికా మాజీ అధ్యక్షుడు తామస్ జెఫర్సన్ సువార్తల పుటలను కోసి, అద్భుతములను పునరుత్థానమును తొలగించి, క్రీస్తు నీతిబోధలను ముఖ్య జీవితఘట్టములను మాత్రము అతికించి తన కొఱకొక పుస్తకము చేసికొనెను. ఆ 1820లోనే కలకత్తాలో రాజా రామమోహనరాయ్ క్రీస్తు నీతివాక్యములను మాత్రము ఏరి ప్రత్యేకముగా ప్రకటించెను. శ్రీరామపురపు మిషనరి జాషువా మార్ష్‌మన్ దీనిని తీవ్రముగా ఖండించెను. క్రీస్తు మహిమను విడిచి మాటలను మాత్రము తీసికొనుట ఆయనను సగము చేయుటయే యని వారి వాదము. రాయ్ మూడు పర్యాయములు సమాధానము వ్రాసెను. ఆయనను త్రిత్వమునకు ఒప్పింపవలెనని చర్చకు దిగిన విలియం ఆడం అను బాప్టిస్టు మిషనరి 1821లో తానే త్రిత్వమును విడిచి ఏకత్వవాదులలో చేరుట ఈ వాదమునకు కొసమెరుపు.

పైకి చూచిన ఇరువురును చేసిన పని యొక్కటే. కాని జెఫర్సన్ ఇంట బానిసలు వందలకొలది ఉండిరి. నీతివాక్యముల నతికిన ఆ చేతులు వారి సంకెలలను విప్పలేదు, కొలదిమందికి తప్ప. రామమోహనరాయ్ తాను ఏరికొన్న దయాధర్మమును పట్టుకొని, స్వజనుల వైరమునకు ఓర్చి, 1829లో సహగమన నిషేధ శాసనము వచ్చువరకు పోరాడెను. గ్రంథమును కోయుట ఇద్దరికిని సమానమే. జీవితమును కోసికొనుటలో మాత్రము సామ్యము లేదు. కత్తెర పుస్తకమున పడుట వేఱు, బ్రదుకున పడుట వేఱు. ఈ భేదమును గుర్తింపక సగపాలు నమ్మికను గూర్చి ఎంత చర్చించినను అది గాలిలో మాటయే.

క్రైస్తవ గ్రంథమే ఈ భేదమును బాగుగ నెరుగును. సువార్తలలో క్రీస్తును సమీపించిన ధనిక యువకునకు ఆజ్ఞలన్నియు తెలియును, అన్నింటిని పాటించినాననియు చెప్పును. సిద్ధాంతమున అతని కెట్టి కొరతయు లేదు. ఆస్తి యనునప్పటికి మొగము చిన్నబుచ్చుకొని వెళ్లిపోవును. అపొస్తలుల కార్యములలో అననీయ, సప్పీర యను దంపతులు పొలము నమ్మి, వెలలో కొంత దాచి, తక్కినదానిని మొత్తమని తెచ్చి సమర్పింతురు. ఇచ్చట జాగ్రత్తగ చదువవలసిన దొకటి కలదు. పేతురు వారిని దాచుకొన్నందుకు నిందింపలేదు. పొలము వారిది, అమ్మిన వెలయు వారి స్వాధీనముననే యుండెనని స్పష్టముగ చెప్పెను. ఆయన నిందించినది భాగమును చూపి సర్వమని పలికినందుకు. మన బోధకులు ఈ కథను చందాల ప్రసంగములకు వాడుకొనుచు ఈ సూక్ష్మమును జారవిడుచుట కద్దు. నా పరిశీలనమునకు ఇది కడవరకు పనికివచ్చును గనుక ముందుగనే చెప్పి యుంచితిని.

ఇక గ్రంథములు. మొదటిది అమెరికను బాప్టిస్టు మిషనరి జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ. ‘ప్రాచ్యమున సాంఘిక క్రైస్తవము’ అని అర్థమిచ్చు ఆంగ్లనామముతో 1914లో అచ్చయినది. రెండవది ‘చెప్పులు కుట్టుచుండగా’ అని చెప్పదగిన పేరుతో 1899లో వెలువడిన మాదిగల కథల సంపుటి. దీనిని వ్రాసినది క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మొదటిదానిలో పలుకులు భర్తవి, లేఖనము భార్యది. ఆయన 1910లోనే చనిపోగా గ్రంథము నాలుగేండ్లకు వచ్చినది. ఆమె సామాన్యురాలు కాదు. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన విదుషి. సాంఘిక సువార్త వాదమునకు అమెరికాలో ముఖ్యుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. కనుక ఆత్మకథ శీర్షికలోని ‘సాంఘిక’ యను విశేషణమున ఒంగోలు ఎండ ఎంతయో, ఆమె పుట్టినింటి చర్చలును అంతయని నా ఊహ. పాఠకుడు ఈ విషయమును మనస్సున నుంచుకొని చదువవలెను. క్లౌ దొర 1860లలో చేసిన పనికి 1910లలోని పరిభాష తొడిగినట్లు కొన్నిచోట్ల తోచును. కాని సంఘటనలు సంఘటనలే. వానిలో కొన్ని రచయితల ఉద్దేశమును మించి పలుకుచున్నవి.

నా దృష్టిలో ఈ ఉద్యమమున కంతకు కీలకమైన ఘట్టము బాప్తిస్మములు కాదు, ఒక పాఠశాల. క్లౌ దంపతులు 1866లో నెల్లూరునుండి ఒంగోలు చేరిరి. ఊరిలోని బ్రాహ్మణులును తక్కిన అగ్రవర్ణులును వారిని ఆదరించిరి. పిల్లలను బడికి పంపిరి. బోధ విని బాగున్నదనిరి. అంతలో చుట్టుప్రక్కల పల్లెలనుండి మాదిగలు రాసాగిరి. పెద్దలు వచ్చి మర్యాదగనే చెప్పిరి: వీరిని చేర్చుకొన్నచో మేము రాము. ఏమి చేయవలెనో తోచక క్లౌ ఒక గదిలోను, భార్య హారియెట్ వేరొక గదిలోను ప్రార్థించిరట. ఎవరికి వారు నిబంధన గ్రంథమును తెఱచి చూడగా ఇరువురికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడినదట. జ్ఞానులును ఘనులును అనేకులు పిలువబడలేదని, లోకము నీచమని త్రోసినవారినే దేవుడు ఏర్పరచుకొనెనని దాని భావము. మాదిగలను చేర్చుకొనిరి, అగ్రవర్ణపు పిల్లలు బడి విడిచిరి.

పుస్తకము తెఱవగా వాక్యము కనబడుటను దైవసంకల్పమని భక్తులు అందురు, యాదృచ్ఛికమని విమర్శకులు అందురు. నాకా జగడము అక్కఱలేదు. ఆ పెద్దలు క్రీస్తు బోధలో ఏ వాక్యమును కాదనలేదు. అద్భుతములను ప్రశ్నింపలేదు, పునరుత్థానమును తర్కింపలేదు. వారి కత్తెర గ్రంథమును తాకనేలేదు. ప్రక్కన కూర్చుండువాని మీద మాత్రమే పడినది. వాక్యమంతయు సమ్మతము, పంక్తి మాత్రము అసమ్మతము. సగపాలు నమ్మికకు తెలుగుదేశపు చరిత్రలో ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణ నాకు కనబడలేదు. దీనిని ఎత్తిపొడుపుగా ఎవరును ఎన్నడును ఉదాహరింపకపోవుట ఆశ్చర్యము. గంజి త్రాగినవాడు సగము క్రైస్తవుడని లోకము చెప్పుకొనును; బడి విడిచినవారిని ఎవరును లెక్కింపరు.

ఇక వచ్చినవారి సంగతి. ఎర్రగుంట్ల పేరయ్య యనునతడు ఈ ఉద్యమమునకు తొలి నాయకుడు. మాదిగ, తోళ్ల వర్తకుడు. క్రైస్తవమునకు పూర్వమే రాజయోగ సంప్రదాయమున గురూపదేశము పొంది, ధ్యానమభ్యసించి, శిష్యుల చేత గౌరవింపబడినవాడు. వర్తకమునకై ఉత్తరమున ఏలూరు వైపు పోయినపుడు క్రైస్తవ బోధ వినెను. 1866లో నెల్లూరు మిషనరి లైమన్ జ్యూయెట్ అతనికి బాప్తిస్మమిచ్చెను. ఎమ్మా క్లౌ పుస్తకమునకు ఉన్న గొప్పతనమంతయు ఇట్టివారి పూర్వకథలను వ్రాసి పెట్టుటలో నున్నది. మాదిగవాడకు ధర్మజిజ్ఞాస దొరలతో పాటు ఓడ దిగి రాలేదనియు, అది యోగులు, గురువులు, తత్త్వములు పాడువారి వలన అంతకు ముందే పాదుకొని యున్నదనియు ఆమె చూపినది. ఆకలిచే తప్ప వేఱొక కారణమున వీరు కదలరని తలచువారు ఈ ఒక్క పుస్తకమును చదివినను చాలును.

వచ్చినవారికి క్లౌ దొర పెట్టిన నియమములు మూడే. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి తేలికయైన మాటలు. కాని మాదిగవాని జీవితమున ఇవి ఎచ్చట తగులునో చూడవలెను. గ్రామ వ్యవస్థలో మాదిగ రైతునకు చెప్పులు, కపిల బావికి తోలు సంచులు, తాళ్లు, పట్టెడలు సమకూర్చవలెను. పంటకాలమున పిలిచినపుడెల్ల రావలెను. అందుకు ప్రతిఫలముగ కళ్లమున ఇంత ధాన్యము, రైతు ఇంట చచ్చిన పశువు. కరవు రోజులలో ఆ మాంసమే ఆహారము. జాతర వచ్చినపుడు డప్పు కొట్టుట వాని విధి. ఇప్పుడు ఆదివారము పనికి రానన్నచో, అది కోతల ఆదివారమైనచో, కళ్లమున ధాన్యము పోయినది. చచ్చిన పశువును తిననన్నచో వానకాలపు తిండి పోయినది. డప్పు కొట్టనన్నచో ఊరంతయు పగయైనది. ఈ నియమములను పట్టుకొన్న పల్లెలలో మాదిగలను కొట్టిరనియు, దొంగతనములు మోపిరనియు, బావులు అడ్డగించిరనియు, పనినుండి తొలగించిరనియు ఆత్మకథ పలుచోట్ల చెప్పుచున్నది.

ఇంతకును ఈ మూడు నియమములు సిద్ధాంత విషయములు కావు. త్రిత్వమును గూర్చి పేరయ్య యేమి తలచెనో, ఆదిపాపమును ఎంతవరకు గ్రహించెనో మనకు తెలియదు. అడిగిన ఏ తొలి శిష్యుడును పరీక్షలో తప్పియుండును. పుస్తకజ్ఞానమున వారిది పావుపాలు కూడ కాకపోవచ్చును. ఐనను బ్రదుకున వారు సమర్పించినది కూడు, కూలి, ఊరిలో చోటు. జెఫర్సన్‌కు తెలిసినదానిలో నూరవవంతు వీరికి తెలియదు. వీరు విడిచినదానిలో నూరవవంతు ఆయన విడువలేదు.

‘గంజి క్రైస్తవులు’ అను నిందకు ఆధారము 1876–78 నాటి కరవు. ఆ కాలమున క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలువయే పులికాటు సరస్సు మీదుగా మా గ్రామమునకు తూర్పున సాగి చెన్నపట్టణమునకు పోవును. మా తాతల తరమువారు దాని పడవలలో సరకులెక్కించినవారే. ఆ త్రవ్వకమున సంఘ బోధకులు మేస్త్రులుగా నుండి, మధ్యాహ్నపు విరామమున కూలీలకు సువార్త చెప్పిరి. వినినవారు వేలకొలది బాప్తిస్మము కోరిరి. నింద వేయువారు కథను ఇచ్చటనే ఆపుదురు. తరువాతి భాగమును చదువరు. కూడు పెట్టుచున్న కాలమున బాప్తిస్మ మిచ్చుట తగదని క్లౌ పదునైదు నెలలు ఒక్కరికిని ఇయ్యలేదు. కాలువపని ముగిసి, కరవు సహాయము ఆగి, ఇక మీకీయదగినది నాయొద్ద నేమియు లేదని చెప్పిన పిమ్మటను జనులు కదలలేదు. డబ్బు అక్కఱలేదు, మా కష్టముతో మేము బ్రదుకుదుము, సంఘములో చేర్చుకొనుడని వారు పట్టుపట్టిరట. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటినది.

కరవుకును మతము మార్పునకును ఏ సంబంధమును లేదని నేననను. ఎముకల గూడు వలె నున్న మనుష్యునికి పని యిచ్చిన చేయి ఎవరిదో అతడు మఱచునా? దయ చూపినవాని దేవుని యందు నమ్మకము కుదురుట సహజము. దానిని లంచమనుట న్యాయము కాదు. ఇచ్చట క్లౌ రచన మీద నాకొక అభ్యంతరము కలదు. ఆయన పెద్ద సంఖ్యలను చెప్పునపుడు చూపు ఉత్సాహము, ఆ తరువాతి సంవత్సరములలో ఆ వేలమందిని ఎవరు చదివించిరి, ఎంతమంది వెనుకకు పోయిరి అను చోట చూపడు. నది యొడ్డున జరిగినదానికి నదియంత వెడల్పు పుటలు. పల్లెలో జరిగినదానికి పిల్లకాలువ. మిషనరి రచనలలో సర్వసాధారణమైన దోషమిది, అమెరికాలోని చందాదారులు చదువవలెను గదా.

ఇంకను గొప్ప లోపమొకటి కలదు. ఒంగోలు సంఘము ప్రధానముగ మాదిగల సంఘమైనది. గుంటూరు ప్రాంతపు లూథరను సంఘమున మాలల సంఖ్య హెచ్చు. ఎవరు ముందుగా చేరినచోట రెండవవారు చేరుటకు వెనుదీసిరి. అనగా ఒంగోలు బడిని విడిచిన పెద్దల కత్తెరయే ఒకటిరెండు మెట్లు దిగి పేదవాడలకును వచ్చినది. ఆదివారపు కూలిని విడిచినవారు, చచ్చిన గొడ్డును విడిచినవారు, పొరుగువాడ వానితో వియ్యమందుటకు మాత్రము ఒప్పుకొనలేదు. మూడు నియమములలో నాల్గవది లేకపోయెను. క్లౌ దొర కులమును బలవంతముగ కదలింపక, కులపెద్దల ద్వారమున, కులపంచాయతి పద్ధతిలోనే సంఘమును కట్టెను. అందుచేతనే అంతవేగముగ పెరిగినది. అందుచేతనే ఆ గోడ నిలిచినది. ఆయన సాంఘిక దృష్టిని మెచ్చుకొనుచు వ్రాసిన గ్రంథము ఈ మూల్యమును లెక్కింపకపోవుట దాని ప్రధాన దోషమని నా అభిప్రాయము.

ఇదే సందర్భమున మన సాహిత్యకారులపై వచ్చు ఆక్షేపణమును ముచ్చటించుట అప్రస్తుతము కాదు. పురుషోత్తమ చౌదరి 1803లో గంజాం ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమునందు బాప్తిస్మము పొంది, 1890లో కీర్తిశేషుడైన భక్తకవి. ఆయన కీర్తనలలో రాగములు, తాళములు, పల్లవి, చరణములు అన్నియు మన భజన సంప్రదాయములోనివే. సంబోధనలు సైతము రామదాసు, త్యాగరాజుల పాటలు విన్న చెవికి కొత్తగా తోచవు. ఇది పాత మతమును సగము దాచుకొనుట యని శంకించువారు కలరు. శంక నిలువదు. జందెమును, కులమును, బంధుజనమును విడిచినవాడు రాగమును విడువలేదని తప్పుపట్టుట ఎట్టిదన, ఇల్లు దానము చేసినవాని నోటిలోని మాతృభాషను జప్తు చేయబోవుట వంటిది. ఆయన దాచుకొన్నది భక్తి పలుకు నాలుకను మాత్రమే. ఆ నాలుక వలననే నిరక్షరాస్యురాలైన వృద్ధురాలు ఆరంబాక్కములో నేటికిని ఆయన కీర్తనలు పాడుచున్నది.

గుఱ్ఱం జాషువ విషయము ఇంతకంటె జటిలము. వినుకొండ క్రైస్తవ కుటుంబమున 1895లో జన్మించి, పురాణవస్తువులపై పద్యములల్లినందుకు స్వసంఘమువారి చేత నిందింపబడి, అంటరానివాడని పండితుల చేత దూరముంచబడి, ఆయన రెండు పంక్తులలోను చోటు లేని కవి యయ్యెను. 1941లో గబ్బిలముతో కాశీవిశ్వేశ్వరునికి మొరపంపిన ఆ చేతితోనే తరువాత క్రీస్తు చరిత్రను వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. తన్ను విశ్వనరునిగ చెప్పుకొన్నవాని విశ్వాసమును ఏ సంఘపు పట్టికలో వ్రాయవలెను? సంఘమును ప్రశ్నించి క్రీస్తును నిలుపుకొనెనని ఆయనను సగపాలు భక్తుడందురేని, పంక్తిలో మనుష్యునికి చోటు కావలెనని ఆయన అడిగిన ప్రశ్నయే 1866లో ఒంగోలు బడిలో తలయెత్తిన ప్రశ్నయని మఱువరాదు. ఆయన ఏరికొన్నాడన్న మాట నిజము. కాని ఏరిపారవేసినది తనకు ఖరీదైనదానిని కాదు. ఏరికొన్నందుకు ఆయనయే ఖరీదు చెల్లించెను.

ఈ కొలతలను చేతబట్టుకొని నేటి మా గ్రామమునకు తిరిగి వచ్చిన యెడల నాకు ధైర్యము చాలదు. 1950లో రాష్ట్రపతి ప్రకటించిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు ప్రకారము హిందువులకే ఆ హోదా, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. వాడలో తండ్రితాతల నాటి అవమానము మతముతో పాటు మారలేదు, కాగితము మీది గుర్తింపు మాత్రము మారును. తడ దాటినచో అట్టి క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గము, ఒక్క శాతము వాటా; ఎల్లకు ఇటు తమిళనాట వెనుకబడిన తరగతి. కనుక ఇంట బైబిలును, తాలూకా కచ్చేరిలో హిందువను ధ్రువపత్రమును గల కుటుంబములు ఇరువైపులను కలవు. నే నెరిగిన యొక ఇంట అన్నది ఒక పత్రము, తమ్మునిది వేఱొక పత్రము. ఆదివారము ఇద్దరును ఒక్క పాటల పుస్తకమునే పట్టుకొందురు. క్రైస్తవమును ఆచరించుచు రిజర్వేషను కొఱకు మాత్రము హిందువునని చెప్పుకొనుట చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

అననీయ కథను బట్టి చూచిన, భాగమును సర్వమని పలుకుట దోషమే. ఈ పత్రమున ఆ దోషము లేదని నేను వాదింపను. పేరయ్య నాటివారు కళ్లమున ధాన్యము పోయినను నియమమును విడువలేదన్న మాటయు నిజమే. కాని అననీయను ఎవరును బలవంతపెట్టలేదు. పొలము అతని స్వాధీనమున నుండెను. ఇచ్చట రెండు భాగములలో నొకదానిని దాచుమని కోరుచున్నది చట్టము. పుట్టుకవలన వచ్చిన బాధను ఒప్పుకొనవలెనన్న నమ్మికను విడువుము, నమ్మికను ఒప్పుకొనవలెనన్న బాధ లేదనుము అని దాని వరుస. ఒంగోలు పెద్దలు పంక్తి కొఱకు వాక్యమును విడిచిరి, ఎవరి నిర్బంధమును లేకుండ. ఈ తమ్ముడు పిల్లవాని చదువు కొఱకు ఒక గడిలో మాట మార్చి వ్రాసెను. ఇద్దరిని ‘సగపాలు’ అను నొక్క మాటతో కొలుచుట విమర్శకు తగదని మాత్రము నేను గట్టిగ చెప్పగలను. బోధకులు జాతరకు పోవువానిని పేరుపెట్టి మందలింతురు. ఈ పత్రములను గూర్చి వేదికమీద నొక్క మాటయు అనరు. అనినచో ముందు వరుసలోనివారే లేచిపోదురని వారికి తెలియును కాబోలు.

మొదట చెప్పిన వృద్ధురాలిని ఈ వ్యాసము కొఱకు మొన్న కలిసికొంటిని. ఒంగోలు సంగతులు ఆమెకు తెలియవు. తన అవ్వ నెల్లూరు దిక్కునుండి కాలువ పడవలో వచ్చినదని మాత్రము చెప్పినది. చచ్చిన గొడ్డును తమ యింట ఎన్నడును వండలేదని, అడుగకుండగనే, రెండుమార్లు చెప్పినది. మనుమరాలు ఈ యేడు కళాశాలకు దరఖాస్తు పెట్టుకొనుచున్నది. కాగితమును నాచేత చదివించుకొనిరి. పేరు, ఊరు, పుట్టినతేది అన్నియు చక్కని తమిళాక్షరములలో నిండియున్నవి. మతమను గడి యొక్కటి ఇంకను ఖాళీగా నున్నది.